ఆవిడ వైపు తలుపు

ఏప్రిల్ 2

బావమరిదీ,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను ఉండగా ఉత్తరమేమిటి, బావకి మతి పోయిందా అనుకుంటావు. ఫోను ఎత్తానంటే మీ అక్క ఏ గదిలో ఉన్నా చెవులు మాత్రం నా పక్కనే ఉంటాయి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అందుకే షాపులో, అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా జవాబు షాపుకే రాయి.

విషయం కారు. ఆ చౌరస్తాలో పాల వ్యాను వెనక్కొచ్చి గుద్దిన సంగతి నీకు తెలుసు. మీ అక్క భుజం ఎముక చిట్లడం, కట్టు కట్టడం, విప్పడం అన్నీ అయిపోయాయి. చెయ్యి తిప్పొచ్చని డాక్టరు చెప్పకముందే తిప్పేస్తోంది, డ్రిల్లు టీచరు కదా. కానీ ఆ రోజు నుంచి కారెక్కలేదు. నేను తాళంచెవి తీస్తే ఆవిడ చెప్పులేసుకుని బస్టాపుకి పోతుంది. బడికి రెండు బస్సులు మారాలి.

మొన్న ధైర్యం చేసి అడిగాను, ఎప్పుడెక్కుతావని. గ్లాసు కింద పెట్టి, "అది ఇదివరకు ఎలా ఉండేదో అలా అయినప్పుడు చూద్దాంలే" అంది. అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. అలా చేసేస్తే సరిపోతుంది కదా! మేస్త్రీ రేకు కొట్టి, లప్పం పూసి, రంగు వేసేస్తానంటున్నాడు. వద్దన్నాను. లప్పం లప్పమే. ఆవిడ అడిగింది ఇదివరకటి కారు. ఆ కొరియా కంపెనీ ఏ సామాను వేసి పంపిందో ఆ సామానే పడాలి, అచ్చంగా ఒరిజినల్. ఈ మోడలు ఆపేసి చాలా కాలమైంది. కానీ నువ్వు పనిచేసేది వాళ్ళ స్పేర్ పార్టుల గోడౌన్లోనే కదా! ఆవిడ వైపు తలుపు, ఆ వైపు సైడు అద్దం, బంపరు మూల ముక్క, తలుపు చుట్టూ వచ్చే రబ్బరు బీడింగు. ఇవి వెతికి, డీలరు చేత బిల్లు వేయించి పంపు.

ఇంకొకటి. బడి ఊరి చివరికి, కొత్త భవనంలోకి మారుతోంది. అక్కడ హాస్టల్లో డ్రిల్లు టీచరుకి ఒక గది ఇస్తారట. వేసవి సెలవులయ్యాక వారమంతా అక్కడే ఉండి ఆదివారాలు వస్తానంటోంది. బస్సుల బాధ పడలేకట. ఒక్కసారి ఆ గదిలో మంచం వేసుకుందంటే ఆదివారాలు కూడా తగ్గిపోతాయేమోనని నాకు భయంగా ఉంది, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బడి తెరిచేలోగా కారు సిద్ధం కావాలి.

ఇట్లు, గుట్టుగా,
నీ బావ


ఏప్రిల్ 11

కళ్ళజోడు బావకి,

నువ్వు పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని మాటలు మాట్లాడలేదు. ఉత్తరం రెండుసార్లు చదివి, చేతిరాత నీదేనా అని మూడోసారి చూశాను. ఊళ్ళో వాళ్ళందరి చూపూ సరిచేస్తావు, ఇంట్లో మాత్రం తడుముకుంటూ తిరుగుతావు.

సైడు అద్దం దొరికింది, ఈ ఉత్తరం దాని అట్టపెట్టెలోనే పెడుతున్నాను. మిగతావి వెతకాలి. మా గోడౌన్లో ఆగిపోయిన మోడళ్ళకి చిట్టచివర ఒక వరస ఉంది, అక్కడికి నేను తప్ప ఎవరూ రారు. పైకప్పులో ఒకచోట పారదర్శకమైన రేకు వేశారు. మధ్యాహ్నమైతే అక్కణ్ణించి ఎండ పెట్టెల మీద పడి మెల్లగా జరుగుతూ ఉంటుంది. నూనె కాగితం వాసన. ఒక పెట్టెలో దీపం, ఇంకో పెట్టెలో స్టీరింగు, అవతల చివర ఒక హారను. కార్లన్నీ విడివిడిగా పడుకుని నిద్రపోతున్నాయనిపిస్తుంది. నేను కూడా ట్రాలీ చప్పుడు కాకుండా తోస్తాను.

మా పెద్దాయన గురించి నీకు చెప్పానా? కొరియా నుంచి మాకు పని నేర్పడానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మన భాష మర్యాదగా నేర్చుకున్నాడు, మరీ మర్యాదగా. "బంపరుగారు ఏ అరలో ఉన్నారు?" అంటాడు. నట్టుకి కూడా గారే. నీ కారు సంగతి చెప్పగానే కుర్చీ లాక్కుని కంపెనీ పుట్టుక దగ్గర్నుంచి మొదలెట్టాడు. వాళ్ళ నాన్న చేరినప్పుడు అదొక రేకుల షెడ్డట. సైకిలు గొట్టాలు వంచేవాళ్ళు. తర్వాత మూడు చక్రాల బండి, తర్వాత లారీ, ఆ తర్వాతే కారు. వాళ్ళ దేశంలో యుద్ధం అయిపోయిన కొత్తలో రేకు దొరక్క, నూనె డ్రమ్ములు చీల్చి సుత్తులతో కొట్టి పైకప్పులు చేసేవారట. ఎంత రంగేసినా లోపల్నుంచి డ్రమ్ము మీది అక్షరాలు లీలగా కనిపించేవట. చిన్నప్పుడు ఆయన కార్ల పైకప్పులు చూసే చదవడం నేర్చుకున్నానంటాడు. నిజమో కోతో తెలీదు, వింటుంటే మాత్రం సాయంత్రమైపోయింది.

అద్దం బిగించేముందు చేత్తో తడిమి చూడు. ఒరిజినల్ అంచు ఎక్కడా గీసుకోదు.

నీ మేలు కోరే (అక్క మేలు ముందు),
బావమరిది


ఏప్రిల్ 24

బావమరిదీ,

అద్దం పెట్టించాను. మీ అక్క బస్సుకి వెళుతూ దాని ముందు నుంచే నడిచింది. అందులో తన మొహం కూడా చూసుకోలేదు.

ఇక్కడ స్పేర్ పార్టుల బజారులో ఒకడు తగులుకున్నాడు. "అచ్చం ఒరిజినలేనండీ, అట్టపెట్టె కూడా ఒరిజినలే" అంటాడు. లోపలి సామాను సంగతేంటయ్యా అంటే, "పెట్టె చూసి నమ్మాలండీ" అన్నాడు. నమ్మకానికి కూడా డూప్లికేటు తయారు చేస్తున్నారు.

రంగు దగ్గర ఇంకో చిక్కొచ్చి పడింది. పాత కారు ఎండకి వెలిసిపోయింది. కంపెనీ రంగు తెప్పించి వేస్తే కొత్త ముక్క ఒక్కటే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. "ఇదివరకు అంటే ఎప్పటి ఇదివరకు సార్? కొన్నరోజా, గుద్దించుకున్నరోజా?" అని రంగులవాడు అడిగాడు. రెండు రోజులుగా ఇదే ఆలోచన. కొన్నరోజు మీ అక్క ముందు సీట్లో కూర్చుని, మెళ్ళో విజిలు ఊది, "ఇక బయల్దేరు" అంది. ఇప్పుడా విజిలు బళ్ళోనే మోగుతోంది.

నిన్న షాపులో ఎవరూ లేరు. బాగా దళసరి అద్దం ఒకటి కంటికి పెట్టుకుని, గుమ్మం బయట ఆపిన కారు వంక చూశాను. అంతా మసక. సొట్ట లేదు, గీత లేదు. నీలంగా ఏదో ఉంది, లోపల ఎవరో కూర్చున్నట్టే ఉంది. చాలాసేపు అలాగే చూస్తూ ఉన్నాను. అద్దం తీసేస్తే సీటు ఖాళీ. వెంటనే లోపలికొచ్చి మిషను వేసుకున్నాను.

బంపరు ముక్క, బీడింగు, తలుపు. మర్చిపోకు. సెలవులు దగ్గరపడ్డాయి. హాల్లోకి ట్రంకుపెట్టె వచ్చింది.

నీ బావ


మే 6

బావా,

బంపరు మూల, బీడింగు ఈ పెట్టెలో ఉన్నాయి. తలుపు ఇక్కడ లేదు. ఇంకో ఊరి డిపోలో ఒకటి ఉందంటున్నారు, రాశాను.

నేననుకున్నది చెప్పనా? అక్క భయపడిందేమో. అంత దెబ్బ తగిలాక కారంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. కారు అమ్మేయరాదూ? పనిలో పనిగా నా కల కూడా విను. చివరి వరసలో పెట్టెలన్నీ తెరుచుకున్నాయి. ఒక్కో ముక్కా వచ్చి ఒకదానికొకటి అతుక్కుని మీ నీలం కారైంది. చప్పుడు లేకుండా అరల మధ్య నుంచి సాగిపోయింది. నేను చెయ్యి ఊపుతుంటే లోపల ఎవరూ లేరు. పొద్దున్నంతా మనసు బాగోలేదు.

పెద్దాయనకి చెప్తే ఆయన తన కుర్రతనం చెప్పుకొచ్చాడు. కార్లని గోడకి గుద్దించి పరీక్ష చేసే చోట పనిచేశాడట. సీట్లో మనిషంత బొమ్మని కూర్చోబెడతారు. దణ్ మని గుద్దాక అందరికీ ముందు కారు ఎలా ఉందో చూడాలనే ఉంటుంది కదా, వాళ్ళు చేసిందే కాబట్టి. కానీ వాళ్ళ మేస్త్రీ ఒప్పుకునేవాడు కాదట. "ముందు బొమ్మగారి దగ్గరికి. తర్వాతే బండి." ఎవడైనా పొరపాటున బంపరు వైపు అడుగేస్తే ఆ రోజు పరీక్షలోంచి వాణ్ణి బయటికి పంపేసేవాడట. "బొమ్మే కదా" అని ఈయన ఒకసారి గొణిగితే, "బొమ్మ దగ్గరికి వెళ్ళనివాడు మనిషి దగ్గరికీ వెళ్ళడు" అన్నాడట.

కథ బాగుందని, అక్క ఫోను చేసినప్పుడు చెప్పాను. కారు ఊసు ఎత్తలేదు, ఒట్టు. పెద్దాయన కబుర్లలో భాగంగానే చెప్పాను. అంతా విని అక్క అంది, "మీ బావ ముందు బంపరు చూశాడురా" అని. ఫోను పెట్టేసింది.

బావా, ఏమిటిది?

బావమరిది


మే 13

ఒరేయ్,

గుట్టుగా రాయరా అంటే ఊరంతా దండోరా వేశావు. బొమ్మల కథ ఎవడు చెప్పమన్నాడు నిన్ను?

అవును, చూశాను. చూడొద్దా మరి? వ్యాను గుద్దింది. నేను దిగాను. కింద ఏదైనా కారుతోందా, చక్రం తిరుగుతుందా, ఎవడైనా చూడ్డా? వంగి చూస్తున్నాను. మీ అక్క లోపల్నుంచి వ్యాను వాణ్ణి కడిగి పారేస్తోంది. "కళ్ళు నెత్తికెక్కాయా" అని చౌరస్తా మొత్తం వినపడేలా అరుస్తోంది. తిడుతోందంటే బాగానే ఉన్నట్టే కదా! నోరు లేవకపోతే పరుగెత్తుకెళ్ళేవాణ్ణి. భుజం చిట్లినదానికి అంత గొంతెలా వస్తుంది, నువ్వే చెప్పు. ఆవిడ నొప్పికి అరుస్తోందని నేనెలా అనుకుంటాను?

తర్వాత నేనే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బయట బల్ల మీద తెల్లవార్లూ కూర్చున్నాను. అదెవరికీ గుర్తులేదు. బంపరు గుర్తుంది.

ఇంకా నయం, అసలు సంగతి నాకిప్పుడు అర్థమైంది. బంపరు మీదే ఆవిడ కోపం. నువ్వు పంపిన మూల ముక్క రాగానే బిగించేశాను, గీత కూడా తెలీడం లేదు. ఇక ఆ మాట ఎత్తడానికి ఏమీ ఉండదు. తలుపు ఒక్కటి పంపు చాలు. నీమీద కోపంగానే ఉంది, అయినా పంపు.

బావ


మే 21

బావా,

తలుపు లారీలో వస్తోంది. డిపో నుంచి వచ్చినదాన్ని పెద్దాయనా నేనూ విప్పి చూశాం. ఇన్నేళ్ళూ ఎండ మొహం చూడని తలుపు. లోపలి పిడి లాగి, వదిలి, మళ్ళీ లాగి ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. "ఈ తలుపుగారు ఇంతవరకు ఎవర్నీ ఎక్కించుకోలేదు" అన్నాడు. ఎందుకో నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నాకు తెలుసు. అక్క కోపం బంపరు మీద కాదు బావా. ఇంతకన్నా విడమరిచి చెప్తే నువ్వు ఇంకో స్పేర్ పార్టు అడుగుతావు. ఒక్క పని చెయ్యి. తలుపు సంగతి పక్కనపెట్టి, భుజం ఇంకా నొప్పిగా ఉందా అని అడుగు. బిల్లు అక్కర్లేదు, ఎక్కడైనా దొరుకుతుంది.

ట్రంకుపెట్టె ఏమైంది? నాకు దాని మీదే దిగులుగా ఉంది.

బావమరిది


జూన్ 9

బావమరిదీ,

అడిగాను. "నొప్పిగా ఉందా?" అన్నాను. "ఆరు నెలలకా!" అంది. ఆ తర్వాత ఏం మాట్లాడాలో నువ్వు రాయలేదు.

తలుపు పడింది. ఎంత బాగా పడిందంటే మేస్త్రీ కూడా చెయ్యి తీయకుండా నిమురుతూ నిలబడ్డాడు. నిమురుతూనే లోపలి పిడి గట్టిగా లాగాడు, అది కాస్తా విరిగి చేతిలోకి వచ్చింది. పాత తలుపు పిడి వ్యాను గుద్దినప్పుడే ముక్కలైంది. దీనికి డూప్లికేటు కూడా బజార్లో లేదు. బయటి నుంచి తలుపు తెరుచుకుంటుంది, లోపల్నుంచి తెరుచుకోదు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

బడి రేపనగా ఇంటి ముందు కారు ఆపాను. హాల్లో ట్రంకుపెట్టె సర్ది ఉంది, మూత మీద విజిలు. మీ అక్క గుమ్మంలోకొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగింది, పిల్లల వరస సరిగ్గా ఉందో లేదో చూసినట్టు. తలుపు తెరిచి లోపలికి వంగింది.

"ఇక్కడ పిడి ఏది?"

"విరిగింది. మీ తమ్ముడికి రాస్తాను, పంపుతాడు."

"మరి నేను దిగేదెలా?"

"నేనొచ్చి తీస్తాను."

"ప్రతిసారీనా?"

"ఇంకేం చేస్తాం మరి."

ఆవిడ సీటు వంక చూసింది, నా వంక చూసింది. నేను గట్టిగా తిట్లు తినబోతున్నాననుకున్నాను, ఇదివరకటిలా అవలేదుగా! లోపలికెళ్ళింది. పెట్టె తేవడానికేననుకున్నాను. చేతిసంచి ఒక్కటే తెచ్చుకుని సీట్లో కూర్చుంది. "రేపటి దారి చూసొద్దాం పద" అంది.

ఊరి చివరిదాకా వెళ్ళాం. కొత్త రోడ్డు, కొత్త గోడలు, ఇంకా తెరవని కొట్లు, అన్నీ సాయంత్రపు వెలుగులో తేలుతున్నట్టున్నాయి. కిటికీ గాలికి ఆవిడ జుట్టు నా భుజానికి తగులుతోంది. ఆ రోడ్డు అక్కడితో అయిపోకుండా ఉంటే బావుండుననిపించింది. గేటు దగ్గర ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీశాను. ఆవిడ వెంటనే దిగలేదు. నన్నలా చూస్తూ కాసేపు కూర్చుంది. కోపమేమో అనుకున్నాను.

మర్నాడు బడికి కూడా నేనే దింపాను. దానికి గేటు వాడు నవ్వాడు, "డ్రైవరుగారా?" అని. నాకు తల కొట్టేసినట్టైంది. ఇదిలా ఎన్నాళ్ళు సాగుతుంది? పెట్టె ఇంకా హాల్లోనే ఉంది. గది తాళంచెవి ఇస్తామని వాళ్ళు, చూద్దామని ఈవిడ. పిడి లేని చికాకుతో ఎప్పుడు ఆ గదికి వెళ్ళిపోతుందో అని క్షణమొక యుగంగా ఉంది. గోడౌను తలకిందులు చెయ్యి, పిడి పంపు.

నీ బావ


జూన్ 20

బావా! బావా!

పిడిగారు దొరికారు!

ఎక్కడో చెప్పనా? ఎవరో హారన్ల అరలో వేసేశారు. చివరి వరసంతా దింపించాను. పెద్దాయన మోకాళ్ళ నొప్పులతోనే మెట్ల బల్ల ఎక్కి దుమ్ము దులుపుతూ, ఆ చీకటి మూల నుంచి చిన్న పెట్టె తీసి ఎండలో పెట్టాడు. అరచేతిలో సరిగ్గా ఇమిడిపోయింది. ఈ మోడలుకి మొత్తం కంపెనీలో ఇది ఆఖరుదట, ఇక ఎక్కడా లేదు. ఆయన దానికి వంగి నమస్కారం కూడా పెట్టాడు. నేనూ పెట్టాను, నవ్వకు.

మెత్తటి గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. రాగానే బిగించు. ఇక కారు ఇదివరకటిదే. అక్క పెట్టె విప్పిందన్న మాట నీ నోటి నుంచి వినాలి.

సంతోషం పట్టలేని
బావమరిది


జూలై 3

బావమరిదీ,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయకపోవడం ఇదే మొదటిసారి. పిడి దొరకలేదా, ఇంకా వెతకలేదా? అక్కడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావు, ఇక్కడ నేను రోజుకి నాలుగుసార్లు కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాను. మీ అక్క సాయంత్రాలు బడి నుంచి నేరుగా షాపుకి వస్తోంది, ఇద్దరం కలిసి ఇంటికి వెళుతున్నాం.

మంచి మాట ఒకటి. హాస్టలు గది వద్దని చెప్పేసిందట. నిన్న ట్రంకుపెట్టె ఖాళీ చేసి మంచం కిందికి తోసింది. ఎందుకు మనసు మారిందో అంతుబట్టలేదు. అడిగితే, "నీకు చెప్పినా అర్థం కాదులే" అని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో! వాన పడుతుంటే మొన్న గొడుగేసుకుని వెళ్ళి తలుపు తీశాను, అప్పుడు కూడా ఇలాగే నవ్వింది.

అయినా మాట మాటే. ఇదివరకటిలా చేస్తానన్నాను, చేసి తీరాలి. పిడి లేక పాపం ఎంత ఇబ్బంది పడుతోందో, పైకి అనడం లేదు. వెతుకుతూ ఉండు. ఇక గుట్టు ఏమీ లేదు, ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని మీ అక్కకే ఇస్తున్నాను.

నీ బావ


ఒరేయ్,

కవరు అంటించకుండానే నా చేతికిచ్చాడు మీ బావ. చదువుతానని కూడా అనుకోడు.

నీ పిడి వచ్చింది. ఆయన లోపల మిషను దగ్గరుంటే పార్సిలు నేనే తీసుకున్నాను. నీ ఉత్తరం కూడా చదివాను. మీ పెద్దాయనకి నా తరఫున దణ్ణం పెట్టు.

కిటికీ అద్దం దించి చెయ్యి బయటికి పెడితే తలుపు నేనే తీసుకోవచ్చు. ఆ మాత్రం నాకు తెలీదా? తీసుకోను. కారు ఆగుతుంది. ఈయన దిగుతాడు. బంపరు వైపు వెళ్ళడు, ఎటూ చూడడు, గబగబా నా దగ్గరికే వస్తాడు. ఎందుకు వస్తున్నాడో ఆయనకే తెలీదు. నేను లోపల కూర్చుని చూస్తూ ఉంటాను.

పిడి దొరకలేదని రాయి.

అక్క